మెనోపాజ్: "ఓర్చుకోవాలి" అన్నదే అన్నిటికన్నా పెద్ద అపోహ

నడుం నొప్పి గురించి చెప్పి, మందుల చీటీ తీసుకుని, తలుపు దాకా వెళ్లి ఆగుతారు. "ఇంకోటి డాక్టర్‌గారూ... రాత్రి రెండుసార్లు లేచి, చెమటకు తడిసిన బట్టలు మార్చుకుంటున్నా" అంటారు. వచ్చింది అసలు ఆ మాట కోసమే. గైనకాలజిస్టుగా నేను మళ్లీ మళ్లీ చూసే దృశ్యం ఇది.

అపోహ: కొన్ని నెలల్లో అదే సర్దుకుంటుంది.

వాస్తవం: వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ అంటాం. ఎక్కువమందికి 45-55 ఏళ్ల మధ్య వస్తుంది. వేడి ఆవిర్లు అంతకుముందే మొదలై, కొందరిని ఏడేళ్లకు పైగా వదలవు. అన్నాళ్లు నిద్ర లేకపోతే చిరాకు, మతిమరుపు రాకుండా ఉంటాయా?

అపోహ: హార్మోన్లు వాడితే క్యాన్సర్ ఖాయం.

వాస్తవం: ఈ భయం అమెరికాలో జరిగిన ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అధ్యయనం ఫలితాలు 2002లో బయటికి రావడంతో పాకింది. అందులో పాల్గొన్నవారి సగటు వయసు 63. అప్పుడే మెనోపాజ్‌లోకి వచ్చినవాళ్లకూ ఆ ముప్పు లెక్కే వర్తిస్తుందనుకోవడంతో ఎందరో మంచి చికిత్సకు దూరమయ్యారు. నాకు ఇప్పటికీ బాధగా ఉండే విషయం ఇది. 60 ఏళ్లలోపు, లేదా మెనోపాజ్ వచ్చిన పదేళ్లలోపు మొదలుపెడితే, ఆరోగ్యంగా ఉన్న చాలామందికి నష్టం కన్నా మేలే ఎక్కువ. ఆవిర్లకు ఇంతకన్నా బాగా పనిచేసే మందు లేదు, ఎముకలకూ రక్షణ. ముప్పు అసలే లేదని అనను. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరాన్ అనే రెండు స్త్రీ హార్మోన్లనూ కలిపి ఏళ్ల తరబడి వాడితే రొమ్ము క్యాన్సర్ ముప్పు కొద్దిగా పెరుగుతుంది. గర్భసంచి ఉన్నవాళ్లకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇవ్వకూడదు, లోపలి పొరలో క్యాన్సర్ రావచ్చు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్లకు సాధారణంగా హార్మోన్లు ఇవ్వం. వాళ్లకు హార్మోన్లు లేని మాత్రలున్నాయి, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే కౌన్సెలింగ్) కూడా ఉపయోగపడుతుంది.

అపోహ: కలయికలో నొప్పి వయసు వల్లే, చేసేదేం లేదు.

వాస్తవం: ఆవిర్లు ఎప్పటికో తగ్గుతాయి. యోని పొడిబారడం మాత్రం వైద్యం చేయకపోతే చాలామందిలో పెరుగుతూనే పోతుంది. మూత్రంలో మంట, మాటిమాటికీ యూరిన్ ఇన్ఫెక్షన్లు కూడా దీనివల్లే కావచ్చు. లోపల రాసుకునే తక్కువ డోసు ఈస్ట్రోజెన్ క్రీమ్ రక్తంలోకి చాలా కొద్దిగానే చేరుతుంది. సిగ్గుపడి దాచుకోకండి, అడగండి.

అపోహ: నెలసరి ఆగిపోయాక ఎప్పుడైనా కాస్త రక్తం కనిపించడం మామూలే.

వాస్తవం: మామూలు కాదు. ఏడాది ఆగాక ఒక్క చుక్క కనిపించినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోవాలి.