మోకాలి మీద పడే బరువెంత?

రెండు కాళ్ళ మీద నిటారుగా నిలబడితే ఒక్కో మోకాలి మీద మన బరువులో సగమే పడుతుందనుకుంటాం. నిజానికి మొత్తం బరువూ పడుతుంది. బెర్లిన్‌లోని షారిటే వైద్యశాల పరిశోధకులు సెన్సర్లు అమర్చిన కృత్రిమ కీళ్ళను రోగులకు పెట్టి, లోపలి ఒత్తిడిని నేరుగా కొలిచారు. 2010లో ఐదుగురి సగటు ప్రచురించారు. ఊరికే నిలబడితే ఒక మోకాలి మీద శరీర బరువులో 107 శాతం, నడుస్తుంటే గరిష్ఠంగా 261, మెట్లు దిగేటప్పుడు 346 శాతం. 70 కిలోల మనిషి మెట్లు దిగితే ప్రతి అడుగుకీ మోకాలి మీద 240 కిలోలు!

ఈ అదనపు భారం కండరాలది. డేరా గుంజ పడిపోకుండా తాళ్ళు బిగించేకొద్దీ గుంజ నేలలోకి మరింత నొక్కుకున్నట్టు, కాలు తూలకుండా కండరాలు బిగుసుకున్నప్పుడల్లా ఎముకలు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. ఎక్స్‌రేలో ఇది కనపడదు.

అందుకే కంప్యూటర్ నమూనా కావాలి. స్కాన్ నుంచి ఎముకల ఆకారం, కెమెరాల నుంచి నడక, నేలలో అమర్చిన పలకల నుంచి పాదం మోపే బలం తీసుకుని లెక్క మొదలుపెడతారు. చిక్కల్లా కండరాల దగ్గరే. ఒకే అడుగును ఎన్నో కండరాలు ఎన్నో విధాలుగా పంచుకోగలవు, సమీకరణాలేమో తక్కువ. తక్కువ శ్రమ పడే మార్గాన్నే శరీరం ఎంచుకుంటుందని చాలా నమూనాలు ఊహిస్తాయి. నొప్పి ఉన్న మనిషి అలా నడవడు. భయంతో ముందు కండరాలనూ వెనక కండరాలనూ ఒకేసారి బిగిస్తాడు. అక్కడ లెక్క తప్పుతుంది.

స్టాన్‌ఫర్డ్‌లో స్కాట్ డెల్ప్ బృందం 2007లో అందరికీ ఉచితంగా ఇచ్చిన ఓపెన్‌సిమ్ అనే సాఫ్ట్‌వేర్ ఈ లెక్కలను ఏ విద్యార్థికైనా అందుబాటులోకి తెచ్చింది. అంతకన్నా నాకు నచ్చింది, 2010లో బెంజమిన్ ఫ్రెగ్లీ తదితర పరిశోధకులు మొదలుపెట్టిన పోటీ. సెన్సరు కీలు ఉన్న రోగి నడక వివరాలన్నీ ఇచ్చి, లోపలి ఒత్తిడి మాత్రం దాచిపెట్టి, ఎంతో చెప్పమన్నారు. అంచనాలు పంపాకే అసలు కొలత బయటపెట్టారు. రోగి ఎముక కోయడానికి సాయపడే లెక్కకు ఇలాంటి పరీక్ష ఉండాల్సిందే.

కోత అని ఊరికే అనలేదు. దొడ్డికాళ్ళ వాళ్ళకు మోకాలి లోపలి వైపు గుజ్జు ముందుగా అరుగుతుంది. వయసు తక్కువైతే కీలు మార్చకుండా, మోకాలి కింది ఎముకను కోసి, కాస్త తెరిచి, ప్లేటు బిగించి, భారాన్ని బయటి వైపుకు జరుపుతారు. తుంటి నుంచి చీలమండకు గీసిన గీత, ఆ ఎముక పైభాగాన్ని, దాని వెడల్పులో లోపలి అంచు నుంచి 62 శాతం దూరంలో దాటాలన్నది పాత లెక్క. అది కదలకుండా నిలబడ్డ మనిషి ఎక్స్‌రే మీద గీసే గీత. రెండు డిగ్రీలు ఎక్కువ తెరిస్తే బయటి గుజ్జు మీద ఎంత భారం పడుతుందో, ఆ మనిషి నడకతోనే కోతకు ముందు తెర మీద చూడగలగడం ఈ కంప్యూటర్ నమూనా వల్ల వచ్చే మేలు. రోజువారీ ఆసుపత్రి పనిలోకి ఇదింకా పూర్తిగా రాలేదు; ఒక్కో రోగికి నమూనా కట్టడానికి పట్టే శ్రమ తక్కువ కాదు.

మనకు సంబంధించిన లోటు మరొకటుంది. సెన్సరు కొలతలు ఎక్కువగా నడక, మెట్లు, కుర్చీలోంచి లేవడం వంటి వాటివి. బాసింపట్టు వేసుకోవడం, గొంతుక్కూర్చుని కలుపు తీయడం లాంటి భంగిమల్లో మోకాలు పూర్తిగా ముడుచుకుంటుంది, కృత్రిమ కీలు సాధారణంగా అంత వంగదు. కొలవడం అంత కష్టమైన చోట నమూనాల అవసరం మరీ ఎక్కువ.