నగరం ఎటు పాకుతుంది? గళ్లలో లెక్క

హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) దాటితే చాలు, వెంచర్ల బోర్డులు వరస కడతాయి. నగరం ఇంకా ఎటు పాకుతుందో ప్లాట్లు అమ్మేవాళ్లు అనుభవంతో చెబుతారు. కంప్యూటర్ మోడల్ పాత ఉపగ్రహ చిత్రాలు చూసి చెబుతుంది.

ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972 నుంచి నేలను చిత్రిస్తున్నాయి. 1980ల నుంచి వాటి చిత్రాల్లో ఒక్కో గడి 30 మీటర్ల చదరం. ఏ గడిలో కట్టడం ఉంది, ఏది పొలం, ఏది చెరువు అని గుర్తిస్తూ పోతే ఊరు పెరిగిన తీరు తెలిసిపోతుంది. 1990లలో కీత్ క్లార్క్ బృందం శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతం కోసం చేసిన ‘స్లూత్’ మోడల్ ఈ గళ్ల మీదే నడుస్తుంది. దాని సూత్రాలు మనకు తెలిసినవే. ఎక్కడో ఖాళీలో ఒక కట్టడం లేస్తుంది, దాని చుట్టూ నాలుగు చేరతాయి. ఊరి అంచు జరుగుతుంది. రోడ్డు పడితే ఇళ్లు దాని వెంట పోతాయి. నిటారు గుట్టల మీదికి మాత్రం అంతగా ఎక్కవు. ఏ ఊరికి ఏది ఎంత బలంగా పనిచేస్తుందో పాత చిత్రాలతో సరిచూసి నిర్ణయిస్తారు. తర్వాత భవిష్యత్తులోకి పదేపదే నడిపిస్తారు. వందసార్లు నడిపితే డెబ్బైసార్లు కట్టడం వచ్చిన గడికి 70 శాతం అవకాశం ఉన్నట్టు.

‘మా మోడల్ 90 శాతం కరెక్ట్’ అంటే వెంటనే నమ్మకూడదు. పదేళ్లలో నూటికి తొంభై గళ్లు ఎలాగూ మారకపోతే, ‘ఏమీ మారదు’ అని చెప్పినా తొంభై మార్కులు వస్తాయి. మారిన గళ్లను ఎంతవరకు పట్టుకుందో అడగాలి.

పైగా మోడల్‌కు తెలిసింది గతమే. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ అనే ఐటీ భవనం వస్తుందని 1990 నాటి చిత్రాల్లో ఎక్కడుంది? ప్రభుత్వ నిర్ణయాన్ని అది ఊహించలేదు, మనమే చెప్పాలి. అందుకే ఇందులో ‘ఇక్కడ కట్టకూడదు’ అని గళ్లకు గుర్తు పెట్టే మ్యాపు పొర ఒకటుంటుంది. నా దృష్టిలో మోడల్ అసలు విలువ అక్కడే ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో జీవో 111 వచ్చింది. ఆ ఆంక్షలు ఎత్తేస్తూ 2022లో జీవో 69 వచ్చింది. ఆ పొరను ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి 2040 దాకా నడిపితే రెండు మ్యాపుల మధ్య తేడా జీవో ప్రభావమేమిటో చూపిస్తుంది. జలాశయాల్లోకి నీళ్లు తెచ్చే వాగుల పక్కన ఏ గళ్లు కాంక్రీటుగా మారతాయో ఊరి పేరుతో సహా కనిపిస్తుంది.

ఓఆర్‌ఆర్‌కు ఇంకా బయట తలపెట్టిన రీజినల్ రింగ్ రోడ్డుకూ ఇదే పని చేయాలి. రోడ్డు వేస్తే ఒక మ్యాపు, వేయకపోతే ఒకటి, జంక్షన్ల దగ్గర చెరువు శిఖాలకు (నీళ్లు నిలిచే భూములకు) ‘కట్టకూడదు’ పొర వేస్తే మూడోది. భూసేకరణ నోటీసు ఇచ్చాక కాదు, అంతకుముందే వాటిని గ్రామసభలో గోడకు అంటించాలి.