పాటకు ఒక గది కావాలి: ఐర్లండ్ కొత్త ఆల్బమ్‌ల వెనక కథ

డబ్లిన్ బృందం లంకమ్ 2023 మార్చిలో ‘ఫాల్స్ లంకమ్’ అనే ఆల్బమ్ తెచ్చింది. మొదటి పాటే ఎనిమిది నిమిషాలు దాటుతుంది. బృందంలోని గాయని రేడీ పీట్ ఒంటరి గొంతుతో మొదలుపెడుతుంది. తోడుగా వాయిద్యం ఏదీ ఉండదు. నాకు గొయ్యి తవ్వండి అని అడిగే పాట అది. కాసేపటికి కింద నుంచి శ్రుతి లాంటిది ఒకటి లేస్తుంది. ఇక అది తగ్గదు, పెరుగుతూనే ఉంటుంది. సగం దాటాక ఏదో బరువైన వస్తువుతో నేలను మోదుతున్నట్టు దెబ్బలు పడతాయి. ఒక రాత్రి స్పీకర్‌లో పెట్టుకుని వింటుంటే పక్క గదిలోంచి “ఎవరు పోయారు?” అని అడిగారు మావాళ్ళు.

ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. ఐర్లండ్‌లో ఒకప్పుడు మనిషి పోతే శవం చుట్టూ కూర్చుని ఆడవాళ్ళు శోకాలు పెట్టేవాళ్ళు. పోయినవాడి గుణగణాలు, వంశం, వదిలి వెళ్ళిన పిల్లలు, అన్నీ రాగంలో చెప్పి ఏడ్చేవాళ్ళు. ఇందులో చెయ్యి తిరిగిన వాళ్ళను డబ్బులిచ్చి పిలిపించుకునేవాళ్ళు కూడా. దీన్నే కీనింగ్ అంటారు. చర్చికి ఇది నచ్చలేదు. తరాల తరబడి పాదిరీలు వద్దంటూ వచ్చారు, ఇరవయ్యో శతాబ్దానికి దాదాపు పోయింది. లంకమ్ పాట రెండో సగానికి ఊపిరి ఆ ఏడుపే.

ఈ ఆల్బమ్ మీద వచ్చిన సమీక్షలు చాలా చదివాను. ‘సంప్రదాయాన్ని బద్దలు కొట్టారు’ అన్న మాట ఎన్నిచోట్ల కనపడిందో లెక్క లేదు. ఆ మాట నాకు మింగుడు పడదు. రేడీ పీట్ ఆ పాటను అమెరికా జానపద గాయని జీన్ రిచీ 1963 నాటి రికార్డు విని నేర్చుకుంది. ఐర్లండ్, బ్రిటన్‌ల నుంచి ఓడలెక్కిపోయిన వలసజనం తమ పాటలను అమెరికా కొండప్రాంతాలకు పట్టుకెళ్ళారు. అక్కడ వాటి మాటలు మారాయి, ఒకదాని చరణాలు ఇంకోదాంట్లో కలిశాయి. అలాంటి పాటే ఒకటి ప్లాస్టిక్ పళ్ళెం మీద ఎక్కి డబ్లిన్‌కు తిరిగొచ్చింది. బద్దలైంది ఎక్కడ? ఐర్లండ్‌లో పాట ఎప్పుడూ ఇలాగే బతికింది. అక్కడ పాటలకు కరువు రాలేదు. పాడుకునే చోటుకే ఎప్పుడూ కరువు. కొత్త ఆల్బమ్‌లు ఇలా ఎందుకు వినపడుతున్నాయో తెలియాలంటే ఆ చోటు ఎలా మారుతూ వచ్చిందో చూడాలి.

మొదట్లో ఆ చోటు దొరల ఇల్లు. హార్ప్ వాయించేవాళ్ళను ఐరిష్ భాష మాట్లాడే జమీందారీ కుటుంబాలు పోషించేవి. ఇంగ్లండ్ పెత్తనం కింద ఆ కుటుంబాలు చితికిపోయాయి, వాటితోపాటే వాద్యకారులు రోడ్డున పడ్డారు. 1792లో బెల్‌ఫాస్ట్‌లో కొందరు పూనుకుని హార్ప్ వాద్యకారులందర్నీ పిలిస్తే ఐర్లండ్ మొత్తం మీద వచ్చింది పదిమంది. ఎక్కువమంది గుడ్డివాళ్ళు. వాళ్ళలో డెనిస్ హెంప్సన్‌కు అప్పటికే తొంభై దాటాయి. పాత పద్ధతిలో పొడుగాటి గోళ్ళతో లోహపు తీగెలు మీటగలిగినవాడు ఆయన ఒక్కడే మిగిలాడు. ఆ బాణీలు రాసిపెట్టమని పంతొమ్మిదేళ్ళ చర్చి ఆర్గనిస్టు ఎడ్వర్డ్ బంటింగ్‌ను కూర్చోబెట్టారు. 1796లో ఆ కుర్రాడి పుస్తకం అచ్చయింది. బాణీలు దక్కాయి, పియానోకు సరిపడేలా ముస్తాబై. వాటి ఐరిష్ మాటలు మాత్రం ఆ పుస్తకానికి ఎక్కలేదు.

బాణీ రాసిపెట్టడం అంటే మనకూ ఒక ముచ్చట గుర్తు రావాలి. 1919లో మదనపల్లె వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ ‘జనగణమన’ పాడితే, స్వరాలు కాగితం మీద పెట్టింది మార్గరెట్ కజిన్స్. డబ్లిన్‌లో సంగీతం చదువుకున్న ఐరిష్ ఆవిడ. పుట్టింది రాస్కామన్ కౌంటీలోని బాయిల్ అనే చిన్న ఊళ్ళో. ఈ ఊరి పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

1845లో బంగాళాదుంప పంటకు తెగులు పట్టింది. 1852 దాకా సాగిన కరువులో సుమారు పది లక్షలమంది చచ్చిపోయారు, అంతకు తక్కువ కాకుండా దేశం విడిచిపోయారు. దెబ్బంతా ఐరిష్ భాష మాట్లాడే పడమటి పల్లెల మీదే ఎక్కువగా పడింది. దాంతో పాటకు గది అట్లాంటిక్ అవతల దొరికింది. షికాగో నగర పోలీస్ చీఫ్‌గా పనిచేసిన ఫ్రాన్సిస్ ఓనీల్ కార్క్ కౌంటీలో పుట్టినవాడు. సాటి వలసవాళ్ళ దగ్గర, తన కింద పనిచేసే పోలీసుల దగ్గర బాణీలు పోగుచేసి 1903లో 1,850 బాణీలతో పుస్తకం వేశాడు. స్లైగో నుంచి న్యూయార్క్ వెళ్ళిన ఫిడేలు వాద్యకారుడు మైకేల్ కోల్‌మన్ 1920లలో గ్రామఫోన్ రికార్డులిచ్చాడు. అవి ఐర్లండ్ పల్లెలకు పార్సిళ్ళలో వచ్చాయి. అందరికీ పిచ్చెక్కింది. ఎంతగా అంటే, అప్పటిదాకా కౌంటీకో పద్ధతిగా సాగిన ఫిడేలు చాలాచోట్ల స్లైగో యాసలోకి మళ్ళింది. పాటను కాపాడిన రికార్డే పాటల్లోని తేడాలను కొంత మింగేసింది. దీనిమీద అక్కడి వాళ్ళు ఇప్పటికీ వాదులాడుకుంటారు.

ఇక దేశం లోపల. 1922లో స్వతంత్ర ఐరిష్ రాజ్యం ఏర్పడింది కాబట్టి పాటకు మంచిరోజులు వచ్చాయనుకుంటాం. జరిగింది వేరు. లీట్రిమ్ కౌంటీలో జిమ్మీ గ్రాల్టన్ అనే కమ్యూనిస్టు ఒక హాలు కట్టాడు. అందులో డాన్సులు, పాఠాలు, భూమి తగాదాల మీద సభలు. చర్చి నుంచి శాపనార్థాలు, 1932 డిసెంబర్‌లో హాలుకు నిప్పు, ఆ మరుసటి ఏడాది గ్రాల్టన్‌కు దేశబహిష్కారం. అమెరికా పౌరసత్వం ఉందన్న వంకతో, పుట్టిన గడ్డమీంచే ఆయన్ని ఓడెక్కించి పంపేశారు.

1935లో బహిరంగ డాన్సు హాళ్ళ చట్టం వచ్చింది. డాన్సు పెట్టాలంటే కోర్టు నుంచి లైసెన్సు కావాలి. చట్టం మాటల ప్రకారం అది హాళ్ళకే. ఊళ్ళలో మాత్రం పాదిరీలు, పోలీసులు కలిసి దాన్ని ఇళ్ళలో జరిగే డాన్సుల మీద కూడా ప్రయోగించారు. అప్పటిదాకా ఐరిష్ సంగీతానికి అసలు వేదిక పల్లెటూరి వంటిల్లు. బల్లలూ కుర్చీలూ గోడకు జరిపి, మూల ఒక ఫిడేలు, చేతుల మధ్య సాగదీస్తూ వాయించే చిన్న పెట్టెలాంటి ఒక కన్సర్టీనా, మధ్యలో రాతి పలకల నేల మీద చెప్పుల టకటక. ఇంటద్దెకో, ఊళ్ళో ఎవరి కష్టానికో నాలుగు పైసలు పోగయ్యేవి. ఆ వంటిళ్ళు మూతపడ్డాయి. జనం లైసెన్సున్న హాళ్ళకు మళ్ళారు. అవి చాలావరకు పాదిరీల చేతిలోవే. పెద్ద హాల్లో ఒక్క ఫిడేలు వినపడదు కాబట్టి డ్రమ్ములూ పియానో ఉన్న డాన్సు బృందాలు, కేలీ బ్యాండ్‌లు, పెరిగాయి.

మరి ఇవాళ టూరిస్టులు వేల ఏళ్ళ నాటిదనుకుని ఫొటోలు తీసుకునే పబ్ సెషన్, అంటే పబ్‌లో ఒక మూల చేరి కలిసి వాయించుకోవడం? అది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లండన్‌లో వేళ్ళూనిన అలవాటు. యుద్ధంలో కూలిన నగరాన్ని మళ్ళీ కట్టడానికి కూలికెళ్ళిన ఐరిష్ కుర్రాళ్ళు ఇరుకు అద్దెగదుల్లో వాయించుకునే వీలు లేక, కామ్డెన్ టౌన్ చుట్టుపక్కల పబ్‌ల మూలల్లో చేరారు. వంటింటికి బదులు పబ్ అన్నమాట. 1960లకల్లా ఆ పద్ధతి ఐర్లండ్ అంతటా పాకింది. 1951లో ముల్లింగర్‌లో మొదలైన సంగీత ఉత్సవం ఇందుకు బాగా సాయపడింది. అధికారికంగా అక్కడ పోటీలు, జడ్జీలు, మార్కులు. అసలు సంగీతమంతా బయట వీధుల్లో, పబ్‌లలో.

ఇప్పుడు బాయిల్ దగ్గరికి రావాలి. 1960లలో టామ్ మన్నెల్లీ అనే పాటల సేకర్త ఆ ఊళ్ళో పడిపోవడానికి సిద్ధంగా ఉన్న ఇంట్లో బతుకుతున్న జాన్ రైలీని పట్టుకున్నాడు. రైలీ ట్రావెలర్. అంటే ఒక ఊరంటూ లేకుండా బళ్ళ మీద తిరుగుతూ, తగరపు సామాన్లు బాగుచేసి బతికిన జాతివాడు. నిలకడగా ఉన్న జనం వాళ్ళని ఇప్పటికీ చిన్నచూపే చూస్తారు. ఐరిష్ ప్రభుత్వం వాళ్ళను ప్రత్యేక జాతిగా గుర్తించింది 2017లో. ఇక ఎవరి నోటా వినపడవని పండితులు వదిలేసుకున్న పాతకాలపు కథాగేయాలు ఈయన నోట్లో బతికే ఉన్నాయి. 1969లో రైలీ చనిపోయాడు. ఆయన గొంతు ఎల్పీగా బయటికి వచ్చింది 1978లో.

ఈలోగా ఆ పాటలు ఊరేగాయి. గాయకుడు క్రిస్టీ మూర్, రైలీ దగ్గర నేర్చుకున్న పాటతోనే ప్లాంక్స్‌టీ బృందం 1973లో తన మొదటి ఆల్బమ్ మొదలుపెట్టింది. పాట చివర తాళం కూడా ఆగకుండా వందల ఏళ్ళ నాటి హార్ప్ బాణీలోకి జారుతుంది. ఆ జారుడు మొదటిసారి విన్నవాళ్ళు మర్చిపోరు. ఐరిష్ పాటలో అంతకుముందు లేని గ్రీకు తీగెల వాయిద్యం బుజూకీ ఈ తరంతోనే వచ్చి స్థిరపడిపోయింది. ఇప్పుడది వాళ్ళ సొంత వాయిద్యమేనని ప్రమాణం చేస్తారు. ఆ తర్వాత లండన్‌లో పోగ్స్ అనే బృందం ఆ పాటలకు పంక్ రోషం ఎక్కించింది, 1994లో యూరోవిజన్ పాటల పోటీ విరామంలో పుట్టిన రివర్‌డాన్స్ అనే డాన్సు ప్రదర్శన వాటిని స్టేడియాలకు అమ్మింది. రెండోదాని గురించి ఇంతకన్నా చెప్పను.

లంకమ్‌కు ఆ పేరు వచ్చింది కూడా జాన్ రైలీ పాడిన ‘ఫాల్స్ లంకమ్’ అనే హత్య కథ నుంచే. అంతకుముందు, లించ్ అన్నదమ్ముల ఇంటిపేరు మీద, వాళ్ళ బృందం పేరు ‘లించ్డ్’. గుంపుగా కొట్టి చంపడం అనే అర్థమున్న ఆ మాటకు అమెరికా నల్లజాతి చరిత్రలో ఎంత నెత్తురు అంటి ఉందో గ్రహించి 2016లో మార్చుకున్నారు. 2019లో వచ్చిన వాళ్ళ ఆల్బమ్ ఒకటి, 2023 ఆల్బమ్ రెండోది, ఏడాదికొక ఉత్తమ ఐరిష్ ఆల్బమ్‌కు ఇచ్చే చాయిస్ ప్రైజ్ గెలిచాయి. హార్మోనియం, కన్సర్టీనా, మోచేతితో గాలికొట్టే ఇలియన్ పైప్స్, ఇవన్నీ కలిసి ఒకే స్వరాన్ని పట్టుకుని వేలాడతాయి. మన చెవికి అది వింతేమీ కాదు. తంబురా శ్రుతికి అలవాటు పడ్డవాళ్ళం. తేడా ఏంటంటే, మన శ్రుతి గాయకుడికి నేల, వీళ్ళ శ్రుతి ఆ గాయని మీద పడే కప్పు.

వీళ్ళు ఒకరినొకరు పట్టుకుంది డబ్లిన్‌లోని సెషన్లలో, ముఖ్యంగా స్మిత్‌ఫీల్డ్‌లోని కాబుల్‌స్టోన్ పబ్‌లో. 2021లో ఆ పబ్ చుట్టూ, మీదా హోటల్ కడతామని ఒక డెవలపర్ దరఖాస్తు పెట్టాడు. ముందు బార్ ఉంటుంది, కచేరీలూ క్లాసులూ జరిగే వెనక గది పోతుంది. జనం శవపేటిక మోసుకుంటూ, ఫిడేళ్ళు వాయిస్తూ ఊరేగింపుగా వెళ్ళారు. ఆ నవంబర్‌లో నగర కౌన్సిల్ అనుమతి నిరాకరించింది. అయినా ఆ పేటిక ఒక్క పబ్ కోసం కాదు. ఆ నగరంలో అద్దెలు కట్టలేక వాయించేవాళ్ళే వెళ్ళిపోతున్నారు.

డబ్లిన్ రాక్ బృందం ఫాంటెయిన్స్ డి.సి. కుర్రాళ్ళ ‘స్కింటీ ఫియా’ అలా లండన్ చేరినవాళ్ళు చేసిన ఆల్బమ్. 2022లో బ్రిటన్ చార్టులో మొదటి స్థానానికి ఎక్కింది. గిటార్ రాక్ అది, ఫిడేలు కోసం వెతక్కండి. మొదటి పాట పేరుకు అర్థం ‘మా గుండెల్లో ఎప్పటికీ’. ఇంగ్లండ్‌లోని కవెంట్రీలో ఒక ఐరిష్ మహిళ సమాధి రాయి మీద ఈ మాట ఐరిష్‌లో చెక్కిస్తామని కుటుంబం అడిగితే, ఇంగ్లిష్ అనువాదం లేకపోతే రాజకీయ నినాదం అనుకుంటారని 2020లో చర్చి కోర్టు కాదంది. మరుసటి ఏడు పై కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. చచ్చాక కూడా చోటు కోసం పేచీయే. ఆ వాక్యాన్ని కోరస్‌లా పదేపదే పాడతారు. వినగా వినగా అది నిజంగానే నినాదం అవుతుంది.

భాష సంగతి నీక్యాప్ ఇంకా ముదరబెట్టింది. ఉత్తర ఐర్లండ్‌లో సాయుధ ముఠాలు మోకాలి చిప్ప మీద తుపాకీతో కాల్చే శిక్షను పేరుగా పెట్టుకున్న ముగ్గురు వాళ్ళు. ఐరిష్‌లో ర్యాప్ చేస్తారు, డ్రగ్స్ గురించీ పోలీసుల గురించీ బూతులతో సహా. 2024 జూన్‌లో వచ్చిన ‘ఫైన్ ఆర్ట్’ ఆల్బమ్ మొత్తం ఒక ఊహాజనిత పబ్‌లో నడుస్తుంది. మళ్ళీ గదే! సంగీత ఎగుమతి కోసం వాళ్ళకు మంజూరైన 14,250 పౌండ్లను బ్రిటన్ ప్రభుత్వం ఆపేసింది. కోర్టుకెక్కారు, 2024 నవంబర్‌లో గెలిచారు, ఆ డబ్బును యువజనుల కోసం పనిచేసే రెండు సంస్థలకు ఇచ్చేశారు. ఐర్లండ్ రిపబ్లిక్ 2022 జనగణనలో ఐరిష్ వచ్చని చెప్పినవాళ్ళు 18.7 లక్షలు, బడి బయట రోజూ మాట్లాడేవాళ్ళు 72 వేలు. బడిలో మార్కుల కోసం బట్టీ పట్టిన భాష బూతులతో, జోకులతో వినపడేసరికి కుర్రకారుకు కొత్త ప్రాణం వచ్చినట్టయింది. పెద్దవాళ్ళలో కొందరికి టెన్షన్ మొదలైంది.

2025 ఆగస్టులో వచ్చిన గాయని సీమ్యాట్ ఆల్బమ్ ‘యూరో-కంట్రీ’లో అదే పేరున్న పాట కూడా ఐరిష్ మాటలతోనే తెరుచుకుంటుంది. ఆ వెంటనే వచ్చేది కంట్రీ పాప్. పైకి హుషారు. మాటలు వింటే, 2008లో ఆర్థిక వ్యవస్థ కుప్పకూలిన తర్వాత తన చుట్టుపక్కల తండ్రులు ప్రాణాలు తీసుకోవడం చూసిన పన్నెండేళ్ళ పిల్ల మాట్లాడుతుంది. కవర్ మీద ఆవిడ షాపింగ్ సెంటర్ ఫౌంటెన్‌లోంచి లేచి వస్తుంటుంది. డబ్లిన్ శివార్లలో పెరిగిన పిల్లలకు ఊరి కూడలి అంటే అదే.

గదుల సంగతి ప్రభుత్వం తేల్చలేదు కానీ అద్దె సంగతి కొంత పట్టించుకుంది. 2022లో రెండు వేలమంది కళాకారులకు వారానికి 325 యూరోలు మూడేళ్ళపాటు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. దరఖాస్తులు తొమ్మిది వేలకు పైగా వచ్చాయి. లాటరీ తీశారు.