క్యాడ్ మోడల్‌లో ఫీచర్ నంబర్లు: అపోహలు - వాస్తవాలు

క్యాడ్ (యంత్ర భాగాల 3డీ మోడల్స్ చేసే సాఫ్ట్‌వేర్)లో పార్ట్ ఫైల్ తెరవగానే ఎడమ పక్కన ట్రీ కనిపిస్తుంది. మోడల్ చేయడంలో ఒక్కో అడుగు ఒక్కో ఫీచర్, ట్రీ అంటే ఆ ఫీచర్ల జాబితా. స్కెచ్1 (గీసుకున్న బొమ్మ), బాస్-ఎక్స్‌ట్రూడ్1 (దాన్ని సాగదీసి చేసిన ఆకారం), కట్-ఎక్స్‌ట్రూడ్1 (కోత), ఫిల్లెట్1 (అంచు గుండ్రం చేయడం)... రోజంతా ఆ పేర్ల మీదే క్లిక్ చేస్తుంటాం. అందుకే పేరు చివరనున్న అంకెకి ఎవరికి తోచిన అర్థం వాళ్లు ఇచ్చేసుకుంటారు. నా పనిలో సగం సొంతంగా మోడల్స్ చేయడం, సగం వేరేవాళ్లు చేసినవి చెక్ చేయడం. ఈ అంకెల విషయంలో కొత్తవాళ్లే కాదు, చెయ్యి తిరిగినవాళ్లు కూడా పొరపాటు పడటం చూశాను. తరచూ వినేవి కొన్ని రాస్తున్నాను.

అపోహ: అంకెల వరసలోనే మోడల్ తయారవుతుంది. ఫిల్లెట్1 తర్వాతే ఫిల్లెట్2.

వాస్తవం: పుట్టిన వరస వేరు, నిలబడిన వరస వేరు. సాలిడ్‌వర్క్స్, కటియా లాంటి సాఫ్ట్‌వేర్‌లలో పేరు చివరి అంకె పుట్టిన వరసే చెబుతుంది. ఒక్కో రకం ఫీచర్‌కి ఒక్కో లెక్క నడుస్తుంది. మొదటి కట్‌కి 1, రెండో కట్‌కి 2. ఫిల్లెట్ల లెక్క మళ్లీ 1 నుంచి మొదలవుతుంది. రీబిల్డ్ (మోడల్‌ని మొదటి నుంచి మళ్లీ లెక్కకట్టడం) మాత్రం ట్రీలో పైనుంచి కిందికి జరుగుతుంది, అంకెలను పట్టించుకోదు.

ఒక ప్లేట్ చేశామనుకోండి. బాస్-ఎక్స్‌ట్రూడ్1తో ప్లేట్ వచ్చింది. కట్-ఎక్స్‌ట్రూడ్1తో మధ్యలో పెద్ద రంధ్రం, ఫిల్లెట్1తో మూలల గుండ్రం, కట్-ఎక్స్‌ట్రూడ్2తో పక్కన గాడి. ఆ తర్వాత, కొత్త ఫీచర్ ట్రీలో ఎక్కడ చేరాలో చెప్పే రోల్‌బ్యాక్ బార్‌ని ఫిల్లెట్1కి పైన ఉండేలా లాగి ఇంకో కట్ వేశాం. దానికి కట్-ఎక్స్‌ట్రూడ్3 అని పేరు వస్తుంది. ఇప్పుడు ట్రీ చదివితే కట్ 1, కట్ 3, ఫిల్లెట్ 1, కట్ 2. ఇందులో తప్పేమీ లేదు. ముందు 3 రీబిల్డ్ అవుతుంది, తర్వాతే 2. ఫిల్లెట్1 ఫెయిల్ అయితే కారణం కోసం కట్ 2 దగ్గర వెతికి లాభం లేదు. అది ఫిల్లెట్ కింద ఉంది కాబట్టి ఫిల్లెట్‌ని తాకనే తాకదు. చూడాల్సింది కట్ 3నే. అంకెలు నమ్ముకున్నవాళ్లు గంటలు పోగొట్టుకునేది సరిగ్గా ఇక్కడే.

స్కెచ్‌ల విషయమూ ఇంతే. ఎక్స్‌ట్రూడ్3 కింద స్కెచ్7 ఉంటే కంగారు పడనక్కర్లేదు. స్కెచ్‌ల లెక్క వేరు.

అపోహ: అన్ని సాఫ్ట్‌వేర్‌లలోనూ నంబర్ అంటే ఒకటే.

వాస్తవం: ఎక్కువ నష్టం చేసేది ఇదే, కాస్త వివరంగా చెబుతాను.

క్రియో అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక ఫీచర్‌కి మూడు గుర్తులు ఉంటాయి: పేరు, ఫీచర్ నంబర్, ఫీచర్ ఐడీ. ఫీచర్ నంబర్ అంటే రీజనరేషన్ (రీబిల్డ్‌కి క్రియోలో పేరు) క్యూలో అది ప్రస్తుతం ఎన్నో స్థానంలో ఉందో చెప్పేది. వరస మారిస్తే నంబర్ మారుతుంది. పైనున్న ఫీచర్ ఒకటి డిలీట్ చేసినా, సప్రెస్ చేసినా (డిలీట్ చేయకుండా తాత్కాలికంగా ఆపి ఉంచినా) కిందవన్నీ ఒక మెట్టు పైకి జరుగుతాయి. ఐడీ అలా కాదు. ఫీచర్ పుట్టినప్పుడు వచ్చిన ఐడీ చివరిదాకా దానిదే. మోడల్ ట్రీలో కాలమ్స్ పెట్టుకుంటే నంబర్, ఐడీ పక్కపక్కనే కనిపిస్తాయి. ఒక ఫీచర్‌ని పైకో కిందికో లాగి చూడండి, నంబర్ మారిపోతుంది, ఐడీ కదలదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి నేను మొదట చూపించేది ఇదే.

ఎన్ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో బ్రాకెట్‌లో కనిపించే అంకె టైమ్‌స్టాంప్. ఎక్స్‌ట్రూడ్(5) అంటే ఐదో ఎక్స్‌ట్రూడ్ కాదు, మొత్తం ఫీచర్ల వరసలో ఐదోది. వరస మారిస్తే ఆ అంకె కూడా మారుతుంది. ఫ్రీక్యాడ్ పద్ధతి మళ్లీ వేరు. మొదటి ప్యాడ్‌కి (బాస్-ఎక్స్‌ట్రూడ్ లాంటిదే) అంకె ఉండదు, రెండోది ప్యాడ్001. లోపలి పేరు ఒకటి, మనకి కనిపించే లేబుల్ ఒకటి. లేబుల్ మనిష్టం, లోపలి పేరు మారదు.

ఒకసారి వేరే ఊళ్లో ఉన్న సహోద్యోగితో ఫోన్‌లో మాట్లాడుతూ ఒక కాస్టింగ్ మోడల్ సరిచేస్తున్నాం. "పద్నాలుగో ఫీచర్ తీసేయండి" అన్నాను. నా దగ్గర పద్నాలుగోది ఒక రౌండ్, అంటే ఫిల్లెట్ లాంటిదే. ఆయన మాత్రం అప్పటికే పైనున్న చిన్న ఫీచర్ ఒకటి సప్రెస్ చేసి ఉన్నారు. ఆయన స్క్రీన్ మీద పద్నాలుగోది ఆ రౌండ్ తర్వాతి రంధ్రం. అది డిలీట్ అయింది, దాని మీద ఆధారపడ్డ ప్యాటర్న్ (ఒకే ఆకారాన్ని వరసగా రిపీట్ చేసేది) కూడా దాంతోపాటే పోయింది. ఫైల్ సేవ్ అయ్యాక గానీ మేమిద్దరం గమనించలేదు. పాత వెర్షన్ ఉండబట్టి సరిపోయింది. అప్పటి నుంచి ఫోన్‌లో నంబర్ ఒక్కటే చెప్పడం మానేశాను. పేరు చెబుతాను, ఐడీ చెబుతాను, అవతలివాళ్లు దాన్ని స్క్రీన్ మీద హైలైట్ చేశాక అది ఎక్కడుందో నాకు చెప్పమంటాను.

అపోహ: మధ్యలో నంబర్ లేదంటే ఫైల్ పాడైనట్టే.

వాస్తవం: ఫిల్లెట్3 తర్వాత ఫిల్లెట్5 ఉందంటే ఫిల్లెట్4ని డిలీట్ చేశారు, అంతే. ఖాళీ అయిన నంబర్‌ని సాధారణంగా కొత్త ఫీచర్‌కి ఇవ్వరు, లెక్క ముందుకే పోతుంది. చెకింగ్‌లో "కట్ 6 ఏదీ?" అని రాసి పంపేవాళ్లు ఉన్నారు. దయచేసి అలా అడగకండి. ఎవరో ఒకటి వేసి చూసి, నచ్చక తీసేసి ఉంటారు.

అపోహ: ఫిల్లెట్57 ఉందంటే 57 ఫిల్లెట్లు ఉన్నట్టు, మోడల్ బరువెక్కినట్టు.

వాస్తవం: ఒకే ఫిల్లెట్ ఫీచర్‌లో ఇరవై అంచులు పట్టొచ్చు. 57 దాకా వచ్చినా ట్రీలో మిగిలినవి తొమ్మిదే కావచ్చు. ప్యాటర్న్ తీసుకోండి: 24 రంధ్రాల ప్యాటర్న్ సాలిడ్‌వర్క్స్ ట్రీలో ఒక్క వరసే, క్రియోలో ఒక్కో రంధ్రానికి ఒక్కో నంబర్. రీబిల్డ్ ఎందుకు నెమ్మదించిందో తెలియాలంటే ఏ ఫీచర్ ఎంత సమయం తింటోందో చూపించే టూల్ తెరవాలి.

అపోహ: ఫీచర్ నంబర్ లాగే ఫేస్ (ముఖం) నంబర్, ఎడ్జ్ (అంచు) నంబర్ కూడా స్థిరం.

వాస్తవం: వీటికి ఫీచర్ నంబర్లకున్నపాటి స్థిరత్వం కూడా ఉండదు. మామూలు పెట్టె ఆకారం తీసుకోండి. 6 ముఖాలు, 12 అంచులు. పై ముఖం మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా చదరపు గాడి కోయండి. పై ముఖం రెండు ముక్కలైంది, గాడికి అడుగు ఒకటి, గోడలు రెండు. మొత్తం 10 ముఖాలు, 24 అంచులు. ఇప్పుడు ఆరో ముఖం ఏది? లెక్కపెట్టే క్రమం మారితే నిన్నటి ఆరు ఇవాళ ఇంకెక్కడో ఉండొచ్చు. ఫేస్6 మీద గీసిన స్కెచ్ వేరే ముఖం మీదికి దూకుతుంది, లేదా ఎర్రర్ ఇస్తుంది. టోపోలాజికల్ నేమింగ్ సమస్య అంటే ఇదే. ఫ్రీక్యాడ్ వాడేవాళ్లు దీంతో చాలా ఏళ్లు ఇబ్బంది పడ్డారు. 2024 నవంబర్‌లో వచ్చిన 1.0 వెర్షన్‌లో చాలావరకు తగ్గించారు, పూర్తిగా పోయిందని అనను. ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ముఖ్యమైన స్కెచ్‌లను వీలైనంతవరకు ఫైల్‌లో మొదటి నుంచీ ఉండే మూల ప్లేన్ల (తలాల) మీదే గీస్తాను. ప్లేన్ ముక్కలవదు కదా.

అపోహ: స్టెప్ ఫైల్‌లో (ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మోడల్ పంపే ఫార్మాట్‌లో) పంపితే ఫీచర్ నంబర్లు కూడా వెళ్తాయి.

వాస్తవం: మామూలుగా వెళ్లేది ఆకారం మాత్రమే. ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే హ్యాష్ గుర్తుతో మొదలయ్యే అంకెలు వేలల్లో కనిపిస్తాయి. అవి ఆ ఫైల్ లోపలి వరసలకి పెట్టుకున్న గుర్తులు. మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తే అవే అంకెలు వస్తాయన్న హామీ లేదు.

అపోహ: ఫీచర్ పేరు మారిస్తే మోడల్ చెడిపోతుంది.

వాస్తవం: చెడదు. లోపల లింకులు నడిచేది పేరుతో కాదు. సాలిడ్‌వర్క్స్‌లో స్కెచ్1కి పేరు మారిస్తే, అందులోని కొలతని డీ1@స్కెచ్1 అని రాసిన ఈక్వేషన్ కూడా దానంతటదే మారుతుంది. అందుకే ధైర్యంగా మార్చండి. "బేరింగ్ సీటు", "ఆయిల్ దారి", "మౌంటింగ్ రంధ్రాలు" అని పెడితే ఆరు నెలల తర్వాత తెరిచినవాళ్లకి ట్రీ చదవగానే పార్ట్ అర్థమవుతుంది. ప్రతి ఫిల్లెట్‌కీ పేరు పెట్టేంత ఓపిక ఎవరికీ ఉండదు, అవసరం కూడా లేదు. ఇంకొకరు వచ్చి మార్చే అవకాశం ఉన్న ఫీచర్లకి పెడితే చాలు.

ఒక్క జాగ్రత్త. రికార్డు చేసిన మాక్రోలు (చేసిన పనిని మళ్లీ దానంతటదే చేసే చిన్న ప్రోగ్రామ్‌లు) ఫీచర్‌ని పేరుతోనే వెతుకుతాయి. మాక్రోలో ఫిల్లెట్1 అని ఉండి, ట్రీలో ఆ పేరు మారిపోతే మాక్రోకి అది దొరకదు. కాబట్టి పేరు మార్చే ముందు ఆ ఫైల్ మీద మాక్రో ఏదైనా నడుస్తోందా అని టీమ్‌లో ఒకసారి అడిగి తెలుసుకుంటాను.