ఆఫీసులో ఏడీహెచ్‌డీ, తోటివాళ్ల తోడు: అపోహలు - వాస్తవాలు

క్లినికల్ సైకాలజిస్టుగా నేను ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం, తొందరపాటు ఉండే సమస్య) ఉన్న ఉద్యోగుల కోసం ఒక సపోర్ట్ గ్రూప్ నడుపుతాను. సాఫ్ట్‌వేర్, బ్యాంకు, ఆడిట్ వాళ్లు ఎక్కువ. గ్రూపులో చేరమనగానే చాలామంది ముఖం చిట్లిస్తారు. అప్పుడు వినిపించే మాటలే ఇవి.

అపోహ: అది పిల్లల జబ్బు, ఉద్యోగస్తులకెక్కడిది?

మొదలయ్యేది చిన్నప్పుడే. కొన్ని లక్షణాలైనా పన్నెండేళ్లలోపే కనిపించి ఉండాలని 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 (మానసిక సమస్యల నిర్ధారణకి అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వేసిన పుస్తకం) అంటుంది. పదిహేడు నిండినవాళ్లకి నిర్ధారణకి ఆరు లక్షణాల బదులు ఐదు చాలని చెప్పేదీ అదే. పెద్దయ్యేకొద్దీ గెంతులాట తగ్గుతుంది. మతిమరుపు, వాయిదాలు, టైమ్ అంచనా తప్పడం మాత్రం చాలామందిలో ఉండిపోతాయి. ఇంటర్ దాకా అమ్మ కేకలతో, హాస్టల్ స్టడీ అవర్లతో నెట్టుకొచ్చిన మనిషి, తన రోజును తానే నడుపుకోవాల్సిన ఉద్యోగంలో పడ్డాక తడబడతాడు.

అపోహ: గ్రూపంటే నలుగురు చేరి ఏడ్చుకోవడమే.

కొంత ఏడుపు ఉంటుంది, ఉండనివ్వండి. అసలు పని వేరే. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లు ఏం చేయాలో తెలియక ఆగిపోరు. శుక్రవారం సాయంత్రంలోగా టైమ్‌షీట్ నింపాలని తెలుసు, పది నిమిషాల పనే అనీ తెలుసు. మొదలుపెట్టడం దగ్గరే చిక్కు. అందుకే సలహాలు పెద్దగా పనిచేయవు, అవి చిన్నప్పటి నుంచీ వింటున్నవే.

పనికొచ్చేది పక్కన ఒక మనిషి ఉండటం. బాడీ డబ్లింగ్ అంటారు. ఇద్దరు వీడియో కాల్ పెట్టుకుంటారు. ‘ఈ గంటలో రెండు మెయిల్స్‌కి జవాబిస్తా, మరి నువ్వు?’ అని చెప్పుకుని, మైకులు మ్యూట్ చేసి ఎవరి పని వాళ్లు చేసుకుంటారు. చివర్లో అయిందో లేదో చెప్పుకుంటారు, అంతే. స్టడీ అవర్లో వార్డెన్ పాఠం చెప్పేవాడు కాదు కదా, అయినా పుస్తకం తెరిచేవాళ్లం. దీని మీద పరిశోధనలు ఇంకా తక్కువే, కానీ మావాళ్లలో ఎక్కువకాలం నిలిచిన అలవాటు ఇదే.

రెండో లాభం సిగ్గు తగ్గడం. పని ఆలస్యమైతే మేనేజర్‌కి కోపం వస్తుంది. ఆ కోపానికి భయపడి మనిషి మెసేజ్‌లు తెరవడం మానేస్తే వ్యవహారం ముదురుతుంది. ‘నేనూ అలాంటి మెయిల్ వారాల తరబడి తెరవలేదు, ఇప్పుడు కలిసి తెరుద్దామా?’ అని తోటివాడు అడిగితే చెయ్యి కదులుతుంది. అదే మాట నేనంటే డాక్టరమ్మ మాట అయిపోతుంది.

అపోహ: బాగా చదివేవాళ్లకి, అందులోనూ ఆడవాళ్లకి రాదు.

వస్తుంది. వెనక బెంచీలో కిటికీ చూస్తూ కూర్చున్న అమ్మాయి మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు, అంతే. ఇది వంశపారంపర్యంగా బాగా వస్తుంది కాబట్టి, బిడ్డకి పరీక్ష చేయించడానికి వచ్చి తమను తాము గుర్తుపట్టే తల్లులున్నారు.

అపోహ: గ్రూపుంటే డాక్టరెందుకు?

నిద్రలేమి, ఆందోళన, డిప్రెషన్, థైరాయిడ్ కూడా ఇలాగే కనిపించొచ్చు. రాత్రంతా అమెరికా కాల్స్‌లో ఉండేవాళ్ల సంగతి సరేసరి. వాటిని వేరుచేయడం తోటివాళ్ల వల్ల కాదు. డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) ఆరు ప్రశ్నల చెక్‌లిస్టు కూడా అనుమానం వరకే. ఇక మందుల సంగతి: ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో షెడ్యూల్ ఎక్స్ (అమ్మకంపై గట్టి ఆంక్షలున్న జాబితా) మందు, చీటీ రెండు ప్రతులుగా రాయాలి, ఒకటి షాపువాడు దాచాలి. అది బీపీని, గుండె వేగాన్ని పెంచగలదు. ‘నా దగ్గర మిగిలాయి, వేసుకుని చూడు’ అన్నవాళ్లను గ్రూపులో ఉంచను.

అపోహ: హెచ్‌ఆర్‌కి చెప్పేస్తే చట్టమే చూసుకుంటుంది.

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో ఏడీహెచ్‌డీ విడిగా లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం గోప్యత పాటించాల్సిన బాధ్యత నా మీద ఉంది, గ్రూపులోని తోటి సభ్యులకు అది వర్తించదు. అందుకే ఒకే కంపెనీవాళ్లను ఒకే గ్రూపులో వేయను, స్క్రీన్‌షాట్లు ఒప్పుకోను. చెప్పాలా వద్దా అనేది వాళ్లిష్టం. నా అభిప్రాయం అడిగితే, జబ్బు పేరెత్తకుండానే చాలా అడగొచ్చు: ‘పని అప్పజెప్పాక రెండు లైన్లు మెయిల్ పెట్టండి సర్’, ‘ఇంత పెద్ద పనికి మధ్యలో ఇంకో గడువు పెడదామా?’ ఇలాంటివి ముందుగా గ్రూపులోనే సాధన చేస్తారు. మేనేజర్ వేషానికి మాత్రం పోటీ ఎక్కువ.