ఓడ చిట్టా నుంచి తిమింగలం తోక దాకా: ధ్రువ నౌకల్లో సిటిజన్ సైన్స్ నేపథ్యం

2023-24 వేసవిలో అంటార్కిటికా చూడటానికి వెళ్లినవారు 1.2 లక్షలు దాటారు. అక్కడ వేసవి అంటే నవంబరు నుంచి మార్చి దాకా. వారిని తీసుకెళ్లే చిన్న ఓడల్లో చాలావాటిలో ఇప్పుడు సిటిజన్ సైన్స్, అంటే శాస్త్రవేత్తలు కాని మామూలు జనం పరిశోధన కోసం సమాచారం సేకరించడం, దినచర్యలో భాగమైంది. ప్రయాణికులు తిమింగలాల తోకలు ఫొటో తీస్తున్నారు, సముద్రపు నీటిని వడకడుతున్నారు, మేఘాలను నమోదు చేస్తున్నారు, పక్షులను లెక్కపెడుతున్నారు. ఉత్తరాన ఆర్కిటిక్‌లో, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో, గ్రీన్‌లాండ్ తీరాల్లోనూ ఇదే సందడి. ఈ కొలతల్లో కొన్ని పేరున్న శాస్త్ర పత్రికల దాకా వెళ్లాయి. మరెన్నో ఎవరి ఫోన్లలో వాళ్లకే మిగిలిపోయాయి. ఈ తేడా ఎక్కడ వచ్చిందో తెలియాలంటే ఈ పని ఎలా మొదలైందో చూడాలి. ప్రయాణికుల ఉత్సాహానికి ఏనాడూ లోటు రాలేదు. అందరూ పాటించే ఒకే పద్ధతి, ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లే అవకాశం, ఆ సమాచారం కోసం అవతల కాచుకుని కూర్చున్న పరిశోధకుడు: ఈ మూడూ కుదిరిన చోటే పని నిలబడింది.

శాస్త్రవేత్తలు కానివారు ఓడ మీద నుంచి కొలతలు తీయడం పాత సంగతే. అమెరికా నౌకాదళ అధికారి మాథ్యూ ఫాంటేన్ మౌరీ చొరవతో 1853లో బ్రస్సెల్స్‌లో 10 దేశాల ప్రతినిధులు కూర్చుని, ఓడల్లో గాలి, వాతావరణం, ప్రవాహాల వివరాలను ఒకే నమూనాలో రాయాలని ఒప్పుకున్నారు. అంతకుముందూ కెప్టెన్లు చిట్టాలు రాసేవారు. కానీ ఎవరి పద్ధతి వారిది కావడంతో ఒకరి లెక్క పక్కన మరొకరి లెక్క పెట్టి చూడటం కుదిరేది కాదు. క్రమంగా రాసిన పాత చిట్టాలు నేటికీ పనికొస్తున్నాయి. 2010లో మొదలైన 'ఓల్డ్ వెదర్' ప్రాజెక్టులో వాలంటీర్లు ముందు బ్రిటిష్ నౌకాదళ చిట్టాలనూ, ఆ తరువాత ఆర్కిటిక్ జలాల్లో తిరిగిన అమెరికా ఓడల చిట్టాలనూ చదివి కంప్యూటర్లోకి ఎక్కించారు. అలా వచ్చిన అంకెలు గతకాలపు వాతావరణాన్ని కంప్యూటర్లలో పునర్నిర్మించే పనిలో చేరాయి.

రెండో పాఠం బ్రిటిష్ సముద్ర జీవశాస్త్రవేత్త అలిస్టర్ హార్డీది. 1925-27లో 'డిస్కవరీ' ఓడపై అంటార్కిటిక్ జలాలకు వెళ్లినప్పుడు ఆయన ప్లాంక్టన్ రికార్డర్ అనే పరికరాన్ని ప్రయత్నించారు. ఓడ వెనక లాగుతుంటే అది ఒక పట్టు గుడ్డ చుట్టను మెల్లగా తిప్పుతూ నీటిలోని సూక్ష్మజీవులను గుడ్డపై పట్టి ఉంచుతుంది. 1931 నుంచి దాన్ని సరకు ఓడలకు తగిలించారు. సిబ్బంది చేయాల్సిందల్లా దాన్ని నీళ్లలో వదలడం, వదిలిన చోటూ తీసిన చోటూ రాసిపెట్టడం, పైకి లాగడం. గుర్తుపట్టే పని ప్రయోగశాలలో నిపుణులది. శిక్షణ లేనివారికి ఏ పని అప్పగించాలి, ఏది అప్పగించకూడదు అన్న గీత ఇక్కడే స్పష్టంగా పడింది. ఇప్పటికీ ఈ రంగంలో బాగా నడుస్తున్న ప్రాజెక్టుల్లో చాలావరకు ఆ గీతకు ఇవతలే ఉన్నాయి.

పర్యాటక ఓడ పరిశోధన వేదికగా మారడం

యాత్రా నిర్వాహకుడు లార్స్-ఎరిక్ లిండ్‌బ్లాడ్ 1966లో పర్యాటకులను అంటార్కిటికాకు తీసుకెళ్లారు. 1969లో ఇలాంటి యాత్రల కోసమే కట్టించిన 'లిండ్‌బ్లాడ్ ఎక్స్‌ప్లోరర్' వచ్చింది. ప్రకృతి నిపుణులు ఓడలోనే ఉపన్యాసాలివ్వడం, జోడియాక్ రబ్బరు పడవల్లో ఒడ్డుకు తీసుకెళ్లడం అనే పద్ధతి అక్కడే స్థిరపడింది. 1991లో ఏడు యాత్రా సంస్థలు కలిసి ఐఏఏటీఓ అనే అంటార్కిటికా యాత్రా నిర్వాహకుల సంఘాన్ని పెట్టుకున్నాయి. ఆర్కిటిక్‌లో అలాంటిదే, ఏఈసీఓ, 2003లో వచ్చింది. ఒక చోట ఒకేసారి 100 మందికి మించి ఒడ్డుకు దిగకూడదు, 500 మందికి పైగా ప్రయాణికులున్న ఓడ నుంచి ఎవర్నీ దింపకూడదు, ప్రతి 20 మందికి ఒక గైడ్ ఉండాలి అన్న నియమాలు పర్యావరణం కోసం పెట్టినవే. అయితే వీటితో పరిశోధనకు అనుకోని మేలు జరిగింది. చిన్న గుంపు, తోడుగా గైడ్, ముందే నమోదైన దిగే చోటు ఉంటే కొలతను క్రమంగా తీయడం సాధ్యమవుతుంది.

ఈ అవకాశాన్ని మొదట పట్టుకున్నవాటిలో రాన్ నవీన్ స్థాపించిన ఓషనైట్స్ అనే సంస్థ ఒకటి. 1994లో మొదలైన అంటార్కిటిక్ సైట్ ఇన్వెంటరీ అనే పెంగ్విన్, పక్షి లెక్కింపు కోసం ఆయన బృందం సొంత ఓడ కొనలేదు. పర్యాటక ఓడల్లో బెర్తులు తీసుకుంది. లెక్కింపు మాత్రం శిక్షణ పొందినవారే చేశారు. చేతిలో క్లిక్కర్ పట్టుకుని ఒకే పెంగ్విన్ గుంపును మూడుసార్లు లెక్కపెడతారు. మూడు అంకెలూ 5 శాతం తేడాలో ఉంటేనే అది మేలైన లెక్క. సమయం కూడా ముఖ్యం. గుడ్లు పెట్టడం పూర్తయ్యే రోజుల్లో గూళ్లు లెక్కపెట్టాలి, పిల్లలు గుంపులుగా చేరే రోజుల్లో పిల్లలను. ఆలస్యంగా వెళ్తే గుడ్లు పోగొట్టుకున్న జంటలు గూడు వదిలేసి ఉంటాయి, అంకె తక్కువ వస్తుంది. దాన్ని నిరుటి అంకెతో పోల్చితే పెంగ్విన్లు తగ్గిపోయాయన్న తప్పుడు నిర్ధారణకు వస్తాం. ఇంత పట్టుదలగా ఏటా చేసిన లెక్కల వల్లే అంటార్కిటిక్ ద్వీపకల్పంలో జెంటూ పెంగ్విన్లు పెరుగుతున్నాయనీ, ఆడెలీ, చిన్‌స్ట్రాప్ పెంగ్విన్లు చాలాచోట్ల తగ్గుతున్నాయనీ బలంగా చెప్పగలిగారు.

తోక ఫొటో ఎందుకు గెలిచింది

1930లలో తిమింగలాల వలస తెలుసుకోవడానికి డిస్కవరీ పరిశోధన బృందాలు నంబరు చెక్కిన లోహపు గొట్టాలను తుపాకీతో వాటి ఒంట్లోకి కాల్చేవి. ఆ నంబరు తిరిగి బయటపడేది తిమింగలాన్ని వేటాడి కోసినప్పుడే. ఒక్కో జంతువు గురించి రెండే రెండు బిందువులు తెలిసేవి: గొట్టం దిగిన చోటు, ప్రాణం పోయిన చోటు.

1970లలో అమెరికాలోని మెయిన్ తీరంలో స్టీవెన్ కటోనా తదితరులు హంప్‌బ్యాక్ తిమింగలం తోక అడుగుభాగంపై ఉండే నలుపు తెలుపు మచ్చలు, అంచు నొక్కులు ఒకదానివి మరొకదానికి ఉండవని చూపారు. అక్కడి కాలేజ్ ఆఫ్ ది అట్లాంటిక్‌లో 1987 నుంచి అంటార్కిటిక్ హంప్‌బ్యాక్‌ల కేటలాగ్ నడిచింది. గైడ్లు, ప్రయాణికులు తీసిన ఫొటోలను మనుషులే ఒక్కొక్కటిగా పోల్చి చూసేవారు. ఇందులో ఎంత సత్తా ఉందో ఒక్క ఆడ తిమింగలం చాటింది. 1999లో బ్రెజిల్ వద్ద పరిశోధకుల కంటబడింది, 2001లో మడగాస్కర్ వద్ద ఒక పర్యాటకుడి కెమెరాకు చిక్కింది. 9,800 కిలోమీటర్ల ఆ ప్రయాణం సంగతి 2010లో ప్రచురితమైంది. ఫొటో దొరికింది ఇంటర్నెట్‌లోని ఒక బొమ్మల సైటులో.

2015లో టెడ్ చీజ్‌మన్ స్థాపించిన 'హ్యాపీవేల్' వెబ్‌సైట్ పోల్చే పనిని కంప్యూటర్‌కు అప్పగించింది. ఫొటో పంపినవారికి 'మీరు చూసిన తిమింగలం ఇదిగో, ఇంతకుముందు ఫలానా చోట కనిపించింది' అని జవాబు కూడా వస్తుంది. ఈ జవాబే దాని ప్రాణమని నా అభిప్రాయం. తన ఫొటో ఏమైందో తెలిసిన మనిషి పాత ఫొటోలు కూడా వెతికి తీసి పంపుతాడు. 2024లో ఈ సమాచారంతో రెండు పెద్ద ఫలితాలు వచ్చాయి. ఉత్తర పసిఫిక్‌లో హంప్‌బ్యాక్‌ల సంఖ్య 2012లో 33,000 పైచిలుకు నుంచి 2021 నాటికి సుమారు 26,600కు, అంటే 20 శాతం, పడిపోయిందన్నది ఒకటి. సముద్రంలో వచ్చిన వేడి తరంగాలతో దీనికి ముడి ఉందని పరిశోధకులు చెప్పారు. కొలంబియా నుంచి జాంజిబార్ దాకా 13,046 కిలోమీటర్ల దూరాన కనిపించిన మగ తిమింగలం రెండోది.

పనికొచ్చే ఫొటోకు కొన్ని కొలతలున్నాయి. తిమింగలం లోతుకు మునిగే ముందు నడుము బాగా వంచుతుంది. ఆ వంపు కనిపించగానే వేలు బటన్‌పై ఉండాలి, తోక పైకి లేచి కనిపించేది కాసేపే. వెనక నుంచి తీస్తేనే అడుగుభాగం పడుతుంది. షటర్ వేగం సెకనులో వెయ్యో వంతు, వరుసగా ఫ్రేములు. మసకగా ఉందని తీసేయకూడదు, అంచు కనిపిస్తే చాలు. అద్దంలో లాగా కుడిఎడమలు తిప్పకూడదు.

అందరూ తప్పేది కెమెరా గడియారం దగ్గర. అంటార్కిటికా యాత్రల దారిలోని దక్షిణ జార్జియా దీవిలో సమయం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కంటే 2 గంటలు వెనక, ఫాక్‌లాండ్స్ దీవుల్లో, అర్జెంటీనా రేవు ఉషువాయాలో 3 గంటలు వెనక. ఓడ గడియారం మారుతుంది, ఫోన్ తనంతట తాను మారుతుంది, కెమెరా మారదు. 12 నాట్ల వేగంతో వెళ్లే ఓడలో ఒక్క గంట తేడా వస్తే ఫొటో 22 కిలోమీటర్లు పక్కకు జరిగిపోతుంది. దీనికి తేలికైన మందు ఉంది: రోజూ ఒకసారి జీపీఎస్ తెరపై కనిపించే యూటీసీ సమయాన్ని అదే కెమెరాతో ఫొటో తీయాలి. గడియారం ఎంత తప్పినా తరువాత సరిచేయవచ్చు.

నీళ్లు, చెత్త, మేఘాలు

2010ల రెండో సగంలో అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన మరియా వెర్నెట్, ఆలిసన్ క్యూసిక్ నడిపిన 'ఫ్యోర్డ్‌ఫైటో' ఇంకో అడుగు ముందుకు వేసింది. పరిశోధక నౌక ఒక ఫ్యోర్డ్‌లోకి, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన ఇరుకైన సముద్రపు పాయలోకి, ఏడాదికి ఒకసారి రావడమే గొప్ప. పర్యాటక ఓడలు నవంబరు నుంచి మార్చి దాకా పదేపదే వస్తాయి. హిమనదాలు కరిగి మంచినీరు కలిసినప్పుడు ప్లాంక్టన్ ఎలా మారుతుందో చూడాలంటే అలాంటి వరుస కావాలి. నీటిలో తేలే సూక్ష్మ శైవలాల్లో పెద్దవైన డయాటమ్‌ల స్థానంలో చిన్న క్రిప్టోఫైట్లు వస్తే వాటిని రొయ్యల్లాంటి చిన్న జీవులైన క్రిల్ అంత బాగా పట్టి తినలేవు. క్రిల్ మీద బతికే పెంగ్విన్లు, తిమింగలాల దాకా ఆ ప్రభావం పాకుతుంది.

జోడియాక్‌లో ఇంజిన్ ఆపి మూడు పనులు చేస్తారు. మొదటిది సెకీ పళ్లెం. ఏంజెలో సెకీ 1865లో మధ్యధరా సముద్రంలో వాడిన ఆ తెల్ల పళ్లేన్ని పడవ నీడ పడే వైపు దించి, కనుమరుగైన లోతూ, పైకి లాగేటప్పుడు మళ్లీ కనిపించిన లోతూ రాసి సగటు తీస్తారు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే లెక్క మారిపోతుంది. తరువాత ఉష్ణోగ్రత, లవణీయత, లోతు కొలిచే సీటీడీని ముందు నీటి పైపొరలో ఒక నిమిషం ఆపి మెల్లగా దించుతారు. ఆపకుండా వదిలితే పడవలోని చలిగాలి ఉష్ణోగ్రతే పైపొర లెక్కలో చేరుతుంది. చివరగా 20 మైక్రాన్ల (మిల్లీమీటరులో 50వ వంతు) రంధ్రాలున్న వల. ప్రవాహానికి తాడు ఏటవాలుగా పోతే 30 మీటర్ల తాడు వదిలినా వల 30 మీటర్ల లోతులో ఉండదు. వలను ప్రతిసారీ కడగకపోతే పొద్దున్న ఫ్యోర్డ్‌లోని జీవులు సాయంత్రం సీసాలో తేలతాయి. నమూనాలో అయోడిన్ ఉన్న లూగోల్ ద్రావణాన్ని లేత టీ రంగు వచ్చేదాకా కలుపుతారు. అది తక్కువైతే కణాలు కుళ్లిపోతాయి. ఓడ రేవు చేరాక సీసాలు ప్రయోగశాలకు వెళ్లే దారి ముందే ఖాయమై ఉండాలి. ఫ్రీజర్‌లో స్థలం దొరక్క ఆగిపోయే నమూనా ఎంత జాగ్రత్తగా తీసినా వృథాయే.

స్వాల్‌బార్డ్‌లో ప్రయాణికుల పని వేరు. 2016లో నౌకాయాత్రికులు ఆరు తీరాల్లో చెత్త ఏరి, రకాలుగా విడదీసి, తూకం వేశారు. చదరపు మీటరుకు 9 నుంచి 524 గ్రాములు తేలింది. అందులో 80 శాతానికి పైగా ప్లాస్టిక్, ఎక్కువభాగం చేపల వేటకు సంబంధించినదే. 2017లో ప్రచురితమైన ఈ లెక్కకు బలం తూకం వేయడంలో ఒక్కటే లేదు, విస్తీర్ణం కొలవడంలోనూ ఉంది. ఎంత మేర ఏరారో రాయకపోతే బస్తాల సంఖ్యకు అర్థం లేదు.

మేఘాల పనికి నాసా 'గ్లోబ్ అబ్జర్వర్' యాప్ 2016లో వచ్చింది. తెల్లని మంచుపై తెల్లని మేఘాన్ని ఉపగ్రహం వేరు చేయలేక తికమకపడుతుంది, కింద నుంచి చూసే కన్ను అక్కడ కావాలి. ఉపగ్రహం వెళ్లిన 15 నిమిషాల లోపు చేసిన పరిశీలనే దానికి జతపడుతుంది. ఉక్కు డెక్‌పై ఫోన్ దిక్సూచి తప్పు చూపిస్తుంది కనుక దిక్కును ఓడ గమనదిశతో సరిచూసుకోవాలి. 2002 నుంచి నడుస్తున్న పక్షుల నమోదు వేదిక 'ఈబర్డ్'లో సముద్ర పక్షుల జాబితాను గంటకొకటిగా ముగించాలి. ఓడ వెంటే తిరిగే అదే ఆల్బట్రాస్‌ను పదిసార్లు లెక్కపెట్టడం ఇక్కడి పెద్ద తప్పు.

ఒత్తిళ్లు

యాత్రికులు కొలిచేవారే కాదు, కొలవబడినవారు కూడా. 2007-08 వేసవిలో వారి బట్టలు, సంచులు వాక్యూమ్ చేసి చూస్తే విత్తనాలు మోసుకొచ్చినవారిలో మనిషికి సగటున 9.5 విత్తనాలు దొరికాయి. 2012లో వచ్చిన ఆ ఫలితం తరువాత జేబులు, వెల్క్రో పట్టీలు శుభ్రం చేసుకోవడం మరింత గట్టిపడింది. 2022లో మరో పరిశోధన, ఓడలు, విమానాల మసి వల్ల 2016-20 మధ్య ఒక్కో పర్యాటకుడి వంతుగా దాదాపు 83 టన్నుల మంచు ముందుగానే కరిగిపోయిందని లెక్కగట్టింది. సిటిజన్ సైన్స్ ఈ నష్టాన్ని పూడ్చదు. పూడుస్తుందన్నట్టు మాట్లాడే ప్రచారం ఆ పనికే చెడ్డపేరు తెస్తుంది.

ఇటీవల కంపెనీలు ప్రయోగశాలలతోనే ఓడలు కడుతున్నాయి. 2022 మొదట్లో పర్యాటక జలాంతర్గాముల నుంచి 80 నుంచి 280 మీటర్ల లోతులో అరుదైన భారీ ఫాంటమ్ జెల్లీ చేప మూడుసార్లు కనిపించింది, అది శాస్త్ర పత్రికలో నమోదైంది. గొప్ప సంగతే. కానీ పరికరం ఉన్నంత మాత్రాన వరుస ఏర్పడదు. కోవిడ్ వల్ల 2020-21లో పర్యాటక ఓడలు దాదాపు పూర్తిగా ఆగిపోయినప్పుడు వాటినే నమ్ముకున్న పరిశీలనలకు గండి పడింది. 2023 అక్టోబరులో దక్షిణ జార్జియాకు, 2024 ఫిబ్రవరిలో ద్వీపకల్పానికి హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ చేరింది. దాంతో నేలపై కూర్చోవడం, మోకరిల్లడం, సంచి పెట్టడం నిషిద్ధమయ్యాయి. రోగం అనుమానమున్న చోట్ల దిగడమే ఆగింది. స్వాల్‌బార్డ్‌లో 2025 జనవరి నుంచి రక్షిత ప్రాంతాల్లో 43 చోట్లే దిగనిస్తున్నారు. ఆ జాబితాలో లేని తీరంలో ఏళ్లుగా నడిచిన చెత్త లెక్కింపు అయినా అక్కడితో సరి.

నమూనాలు తీసే ప్రాజెక్టుకు యాత్ర అనుమతిలోనే చోటు ఉండాలి. ఓడ ఎక్కాక పుట్టిన ఆలోచనకు సీసాలో నీళ్లు పట్టడం కుదరదు. అందుకే టికెట్ కొనేముందే అడగాల్సినవి ఉన్నాయి: ఈ నమూనాలు ఏ ప్రయోగశాలకు వెళ్తాయి, అదే చోట ఎన్ని సీజన్ల నుంచి తీస్తున్నారు, ఎవరి పేరిట అనుమతి ఉంది, నిరుటి ఫలితాలు ఎక్కడ చదవచ్చు. 2023లో హెల్సింకిలో అంటార్కిటిక్ ఒప్పంద దేశాలు పర్యాటకానికి సమగ్రమైన నియమావళి రూపొందించాలని నిర్ణయించాయి. 2024 మేలో కొచ్చి సమావేశంలో దానిపై కార్యవర్గం పని మొదలుపెట్టింది. ఏయే చోట్లకు ఎన్నిసార్లు వెళ్లవచ్చన్నది ఆ చర్చలో తేలితే, పైన చెప్పిన వరుసల్లో ఏవి కొనసాగుతాయో కూడా దానితోపాటే తేలుతుంది.