ఆయిల్ ప్రెషర్ పడిపోతే ముందే పంప్‌ని అనుమానించకండి

చెన్నై షోలింగనల్లూర్‌లో ఉద్యోగం చేసే నెల్లూరు తమ్ముడొకడున్నాడు, కార్లంటే ప్రాణం, తన చిన్న టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌కి రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించడం) చేయించి, ఆయిల్ ప్రెషర్‌కీ ఆయిల్ టెంపరేచర్‌కీ విడిగా గేజ్‌లు కూడా పెట్టించుకున్నాడు. మొన్న ఫోన్ చేసి, "అన్నా, పొద్దున స్టార్ట్ చేసినప్పుడు 4 బార్ పైన చూపిస్తా ఉంది, శనివారం టీ నగర్ వెళ్లొస్తా ఓఎంఆర్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా, సిగ్నల్ దగ్గర ఆగితే 0.6కి దిగిపోతా ఉంది. షెడ్డులో ఏమో పంప్ మార్చాలంటున్నారు, ఇంకొకాయన చిక్కటి 20డబ్ల్యు-50 ఆయిల్ పోసెయ్, సెట్టయిపోద్ది అంటున్నాడు, ఏం చెయ్యమంటావ్?" అన్నాడు. ఈ రెండు సలహాలూ ఎక్కడికెళ్లినా వినిపించేవే. రెండిట్లోనూ ఇబ్బంది ఒకటే, ఆ ముల్లు అసలు దేన్ని చూపిస్తోందో ఎవరూ ఆలోచించకుండా చెప్పేవి అవి.

ఆయిల్ పంప్ ప్రెషర్‌ని తయారుచెయ్యదు. క్రాంక్ ఒక చుట్టు తిరిగితే ఇంత ఆయిల్ అని ఇంజన్ అడుగునుండే ఆయిల్ చాంబర్‌లోంచి పీల్చి ముందుకు తోస్తుంది, అంతే దాని పని. అలా తోసిన ఆయిల్ బయటికి జారే దారులు ఎంత ఇరుగ్గా ఉంటే అంత ప్రెషర్ పుడుతుంది. అపార్ట్‌మెంట్‌లో ప్రెషర్ పంప్ రోజూ లాగే తిరుగుతున్నా పొద్దున ఏడింటికి అన్ని ఫ్లాట్లలో ట్యాపులు ఒకేసారి తిప్పితే పై అంతస్తు షవర్‌లో నీళ్లు సన్నబడతాయి కదా, అప్పుడు మోటర్ పోయిందని ఎవరూ అనరు. ఇంజన్‌లో ఆ ట్యాపులేవంటే మెయిన్ బేరింగ్‌లు, కనెక్టింగ్ రాడ్ బిగ్ ఎండ్ బేరింగ్‌లు, కామ్ జర్నల్స్ (బేరింగ్‌లో తిరిగే షాఫ్ట్ భాగాన్ని జర్నల్ అంటారు), టర్బో షాఫ్ట్, పిస్టన్ల అడుగున ఆయిల్ చిమ్మే జెట్లు, వేరియబుల్ వాల్వ్ టైమింగ్ యూనిట్లు. కాబట్టి గేజ్‌లో కనపడే అంకె పంప్ తోసేదానికీ ఈ దారుల్లోంచి కారేదానికీ మధ్య లెక్క.

ఆ కారే లెక్క మనం అనుకున్నంత మెల్లగా పెరగదు. 50 మిల్లీమీటర్ల జర్నల్‌కి బేరింగ్ గ్యాప్ సుమారు 0.05 మిల్లీమీటర్, అంటే మన వెంట్రుక మందం కూడా ఉండదు. ఆ సందులోంచి కారే ఆయిల్ గ్యాప్ ఘనాన్ని బట్టి పెరుగుతుంది, గ్యాప్ రెట్టింపైతే కారేది ఎనిమిది రెట్లు. 0.05 కాస్తా 0.06 అయినా చాలు, లీకేజీ 70 శాతం పైగా పెరిగిపోతుంది. అందుకే అరిగిన ఇంజన్‌లో కొత్త పంప్ వేసినా హాట్ ఐడ్లింగ్‌లో ముల్లు పెద్దగా లేవదు, జనం పంప్ నకిలీదేమో అని ఇంకొకటి కొంటారు.

మరి బేరింగ్‌ని కాపాడేది ఈ 4 బార్ ప్రెషరేనా అంటే, ఇక్కడే నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఒకటుంది. 1883లో ఇంగ్లండ్‌లో బోషాంప్ టవర్ అనే ఇంజనీర్ అక్కడి మెకానికల్ ఇంజనీర్ల సంస్థ కోసం రైల్వే యాక్సిల్ బేరింగ్‌ల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. షాఫ్ట్ అడుగుభాగం ఆయిల్‌లో మునిగి తిరుగుతోంది, పైన ఇత్తడి బేరింగ్, దాని మీద లోడ్. పైనుంచి ఆయిల్ పోద్దామని బేరింగ్ నడినెత్తిన ఒక బెజ్జం వేయించాడు, తీరా మిషన్ తిప్పితే ఆ బెజ్జంలోంచి ఆయిల్ పైకి ఉబికింది. కార్క్ బిగిస్తే ఎగిరిపోయింది, చెక్క బిరడా కొడితే అదీ మెల్లగా బయటికొచ్చేసింది. చివరికి గేజ్ పెట్టి చూస్తే 200 పీఎస్ఐ (సుమారు 14 బార్) దాటి చూపించింది, ఆ బేరింగ్ మీద సగటు లోడ్ 100 పీఎస్ఐ మాత్రమే. బయట ఏ పంపూ లేదు. తిరిగే షాఫ్టే ఆయిల్‌ని తనకీ పైనున్న బేరింగ్‌కీ మధ్య ఇరుకు సందులోకి లాక్కుని, ఆ ఒత్తిడితో బేరింగ్ మీదున్న లోడ్‌ని పైకెత్తుతోందన్నమాట. మూడేళ్లకి, 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీనికి గణితం రాశాడు, ఇవాళ్టికీ బేరింగ్ డిజైన్‌కి ఆ సమీకరణమే ఆధారం.

మన ఇంజన్‌లోనూ అదే జరుగుతుంది. ఫుల్ లోడ్‌లో పిస్టన్ కిందికి తన్నినప్పుడు బిగ్ ఎండ్ దగ్గర ఆయిల్ ఫిల్మ్‌లో ప్రెషర్ వందల బార్‌లకి పోతుంది, దాన్ని పంప్ ఇచ్చే 4 బార్ ఎక్కడ మొయ్యగలదు? పంప్ పని ఆయిల్‌ని గుమ్మం దాకా తెచ్చివ్వడం, కారిపోయినంతా మళ్లీ నింపడం, వేడిని మోసుకుపోవడం. ఆ సరఫరా క్షణం ఆగినా ఫిల్మ్ చినిగి ఇనుమూ బేరింగూ ఒకదాన్నొకటి రాసుకుంటాయి. ఎక్కువ ప్రెషర్ అంటే మంచి ఇంజన్ అని కూడా చెప్పలేం. ప్రెషర్ మరీ పెరిగితే ఆయిల్‌ని వెనక్కి వదిలే రిలీఫ్ వాల్వ్ మూసుకుని ఇరుక్కుపోయినా ప్రెషర్ ఆకాశానికి పోతుంది, ఫిల్టర్ ఉబ్బిపోతుంది.

ఇక వేడి సంగతి. ఆయిల్ టెంపరేచర్ ఎంతో చెప్పకుండా ప్రెషర్ ఇంత అని చెబితే ఆ అంకెతో ఏ పనీ జరగదు. 30 గ్రేడ్ ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల దగ్గర 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్‌ల మధ్య ఉండాలి, 40 గ్రేడ్ అయితే 12.5 నుంచి 16.3. మామూలు 5డబ్ల్యు-30 మన పొద్దుటి వేడిలో 100 డిగ్రీల దగ్గర ఉన్నదానికి దాదాపు పది రెట్లు చిక్కగా ఉంటుంది, అందుకే కోల్డ్ స్టార్ట్‌లో అందరి కారూ 4 బార్ చూపించి మురిపిస్తుంది. 100 నుంచి 130కి ఎక్కితే ఉన్నదాంట్లో దాదాపు సగానికి పలచబడుతుంది. మీటర్ బోర్డులో కూలెంట్ ముల్లు మధ్యలో నిలబడిందని ఆయిల్ కూడా వేడెక్కినట్టు కాదు, ఆయిల్ చాలా వెనకగా వేడెక్కుతుంది, ఒకసారి వేడెక్కాక కూలెంట్‌ని దాటిపోతుంది. ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడ్డ టర్బో కారులో మేనెల మధ్యాహ్నం ఏం జరుగుతుందో చెన్నైలో ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

పలచబడటానికి ఇంకో కారణం పెట్రోలే. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో సిలిండర్ గోడ మీద పడ్డ పెట్రోల్ కొంత రింగుల పక్కనుంచి చాంబర్‌లోకి దిగుతుంది, లాంగ్ డ్రైవ్‌లో ఆయిల్ బాగా కాగితే చాలావరకు ఆవిరైపోతుంది, రెండు మూడు కిలోమీటర్ల ట్రిప్పులే వేస్తే పేరుకుంటుంది, రీమ్యాప్‌లో మిక్స్చర్ రిచ్‌గా, అంటే పెట్రోల్ ఎక్కువ పడేలా పెట్టి ఉంటే ఇంకా ఎక్కువ. మా తమ్ముడు వారమంతా రూమ్ నుంచి ఆఫీసుకి అంతే దూరం నడుపుతాడు. డిప్‌స్టిక్ తీసి చూడమంటే లెవెల్ మ్యాక్స్ గీత దాటి ఉంది, వాసన చూస్తే పెట్రోల్ బంకులో నిలబడ్డట్టుంది. పొయ్యకుండా ఆయిల్ లెవెల్ పెరిగిందంటే సంతోషించాల్సిన విషయం కాదు. అదే గ్రేడ్ కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి 100 డిగ్రీల దగ్గర ఐడ్లింగ్‌లో చూస్తే ముల్లు 1 బార్ పైన నిలబడింది. అక్కడితో అయిపోలేదు, ఆ మ్యాప్ సరిచేయించకపోతే ఇది మళ్లీ వస్తుంది, ఇంజెక్టర్ ఏదైనా కారుతోందేమో కూడా చూడాలి.

ఎంత ఉంటే చాలు అని అందరూ అడుగుతారు. ప్రతి 1000 ఆర్‌పీఎంకి 10 పీఎస్ఐ అనే పాత లెక్క ఒకటుంది, అంటే 6000 దగ్గర 60 పీఎస్ఐ, సుమారు 4 బార్. పాతకాలం ఇంజన్లకి అది బాగానే పనికొస్తుంది, ఇప్పటి చాలా ఇంజన్లలో మాత్రం పంప్ డెలివరీని కంప్యూటరే తగ్గిస్తుంది, పెట్రోల్ మిగలాలని మామూలు డ్రైవింగ్‌లో కావాలనే ప్రెషర్ తక్కువగా ఉంచి, ఒక ఆర్‌పీఎం లేదా లోడ్ దాటాక పై స్టేజికి మారుస్తుంది. అలాంటి ఇంజన్‌లో ఆ సొలినాయిడ్ పోతే పంప్ బాగున్నా పై స్టేజి రాదు. కాబట్టి మీ ఇంజన్ సర్వీస్ మాన్యువల్ అంకె చూడండి, పక్కింటాయన కారు అంకె వద్దు. ఎర్ర లైట్‌ని నమ్ముకోవడం మాత్రం అస్సలు వద్దు, ఆ స్విచ్ సాధారణంగా 0.3, 0.5 బార్ దగ్గర వెలుగుతుంది. 5000 ఆర్‌పీఎంలో 1 బార్ ఉన్నా లైట్ వెలగదు, ఆ లోపు బేరింగ్ పని అయిపోతుంది. నడుస్తుండగా వెలిగిందా, ఇంజన్ అక్కడికక్కడే ఆపి బండి పక్కకి తొయ్యాలి, ఇంకో కిలోమీటర్‌లో షెడ్డు ఉందని లాగించకూడదు.

వెతకడం మొదలెట్టేటప్పుడు ముందు సెండర్‌ని, అంటే గేజ్‌కి ప్రెషర్ సిగ్నల్ పంపే సెన్సర్‌ని తీసేసి అదే బెజ్జంలో మెకానికల్ గేజ్ బిగించి చూడాలి. సెండర్ చెడిపోయిన కేసులు చాలా ఉంటాయి, ఒంటి వైరు సెండర్ అయితే దానికి ఎర్త్ మరల ద్వారానే వస్తుంది, లీకవుతుందని టెఫ్లాన్ టేపు మందంగా చుట్టేస్తే ఎర్త్ సరిగా తగలక ముల్లు ఇష్టమొచ్చినట్టు ఆడుతుంది. సెండర్ ఎక్కడుందో కూడా చూడాలి, ఫిల్టర్‌కి ముందుంటే ఫిల్టర్ మూసుకుపోయినా ప్రెషర్ బ్రహ్మాండంగా కనపడుతుంది, లోపల బేరింగ్‌లకి అందేది వేరు.

మెకానికల్ గేజ్ కూడా తక్కువే చూపిస్తే, అప్పుడు ఎప్పుడు పడుతోంది అన్నదే అసలు ఆధారం. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక ఐడ్లింగ్‌లో పడి, రెయిజ్ చేస్తే మళ్లీ లేస్తుంటే ఆయిల్ పలచబడింది లేదా బేరింగ్ గ్యాప్‌లు పెరిగాయి. చల్లగా ఉన్నా, వేడిగా ఉన్నా, ఏ ఆర్‌పీఎంలోనైనా తక్కువే అంటే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుంది, చిన్న లోహపు రవ్వ ప్లంజర్ పక్కన చేరితే చాలు, లేదంటే పంప్ అరిగింది, లేదా ఆయిల్ గ్యాలరీ (బ్లాక్‌లో ఆయిల్ పారే దారి) ప్లగ్ ఒకటి లోపల ఊడింది. పంప్‌ని అనుమానించాల్సింది ఇక్కడ.

ఐడ్లింగ్‌లో శుభ్రంగా ఉండి 4500 దాటాక ముల్లు వణుకుతూ దిగుతుంటే కథ పూర్తిగా వేరు, పంప్‌కి పీల్చుకోవడానికి ఆయిల్ అందట్లేదు. చాంబర్ దింపితే పంప్ ఆయిల్ పీల్చే గొట్టం మూతికుండే పికప్ జాలీ కనపడుతుంది, బొటనవేలంత జల్లెడ, దాని నిండా నల్లటి స్లడ్జ్, మధ్యలో నారింజ రంగు సిలికాన్ గాస్కెట్ పేస్ట్ ముక్కలు పురుగుల్లా ఇరుక్కుని ఉంటాయి. ఎవరో చాంబర్ బిగించేటప్పుడు పేస్ట్ ధారాళంగా పెట్టారు, బిగుసుకున్నప్పుడు సగం లోపలికి పిండుకుంది, తర్వాత ఊడి జాలీ దగ్గరికి చేరింది. ఆయిల్ మరీ ఎక్కువ పోసినా ఇలాంటి లక్షణమే వస్తుంది, క్రాంక్ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, పంప్ ఆ గాలిని మింగుతుంది.

మలుపుల్లో మాత్రమే పడితే ఇంజన్‌కి జబ్బేమీ లేదు. శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు, మంచి టైర్లతో ఫాస్ట్ కార్నర్‌లో 1 జీ దగ్గరికి పోతే చాంబర్‌లో ఆయిల్ మట్టం 45 డిగ్రీలు వాలిపోతుంది. పికప్ గాల్లో తేలుతుంది. రోడ్డు మీద ఎన్నేళ్లు నడిపినా కనపడని ఈ లోపం ట్రాక్ డేలో మొదటి సెషన్‌లోనే ఇంజన్‌ని తినేస్తుంది. లెవెల్ మ్యాక్స్ గీత దగ్గర ఉంచడం, చాంబర్‌లో అడ్డురేకులు, మలుపులో ఆయిల్ వెనక్కి పోకుండా ఆపే తలుపులు పెట్టించడం, ఇంకా కావాలంటే ప్రెషర్‌తో కొంత ఆయిల్‌ని నిల్వ ఉంచి అవసరానికి వదిలే ఆయిల్ అక్యుములేటర్, ఇవీ దారులు. పోర్షే 911 జీటీ3 లాంటివి ఫ్యాక్టరీ నుంచే, ఆయిల్‌ని చాంబర్‌లో కాకుండా విడి ట్యాంకులో ఉంచే డ్రై సంప్‌తో రావడానికి కారణం ఇదే.

బేరింగ్‌లే అనిపిస్తే ఇంజన్ విప్పకముందు ఫిల్టర్ కోసి చూడండి. హ్యాక్‌సా వద్దు, దాని పొడే లోపల పడి మోసం చేస్తుంది, ఫిల్టర్ కట్టర్‌తో డబ్బా మూత తీసి, మడతల కాగితాన్ని కోసి, వైస్‌లో పిండి, ఎండలో తెల్ల కాగితం మీద పరిచి మెల్లగా వంచుతూ చూస్తే ఏమున్నా మెరుస్తుంది. కాగితం కింద అయస్కాంతం జరిపితే కదిలేవి ఇనుము, అంటే చైన్, కామ్, గేర్ల వైపు నుంచి వచ్చినవి. కదలకుండా తళతళలాడేవి బేరింగ్ పై పూత లేదా పిస్టన్ అల్యూమినియం. రాగి రంగు కనపడిందంటే మూడు పొరల బేరింగ్‌లో పై పొర అరిగి కింద పొర బయటపడింది, ఆ బండిని ఇక స్టార్ట్ చెయ్యకూడదు. తేలికగా ఆక్సిలరేటర్ తొక్కి 2000, 3000 మధ్య ఉంచినప్పుడు అడుగునుంచి టక్ టక్ అని లోతైన శబ్దం వస్తున్నా అంతే.

చిక్కటి ఆయిల్ సలహా ఎందుకు వద్దంటానంటే, 20డబ్ల్యు-50 పోస్తే ముల్లు లేస్తుంది నిజమే, గ్యాప్ మాత్రం అలాగే ఉంటుంది. సన్నటి దారుల్లోకి ఆయిల్ వెళ్లడం తగ్గుతుంది, వాల్వ్ టైమింగ్ యూనిట్లు మందకొడిగా కదిలి పీ0011 లాంటి ఎర్రర్ కోడ్‌లు పడతాయి, కోల్డ్ స్టార్ట్‌లో పంప్ తోసేదాంట్లో చాలా భాగం రిలీఫ్ వాల్వ్ గుండా వెనక్కే తిరుగుతుంది. ట్రాక్ కోసం, కొలిచిన గ్యాప్‌నీ ఆయిల్ టెంపరేచర్‌నీ చూసి ఒక గ్రేడ్ పెంచుకోవడం వేరే సంగతి.

విప్పాల్సి వస్తే ప్లాస్టిగేజ్‌తో (బేరింగ్‌లో పెట్టి నొక్కితే ఎంత చదునైందో చూసి గ్యాప్ చెప్పే సన్నటి ప్లాస్టిక్ దారం) గ్యాప్ కొలిపించి, అంబత్తూర్‌లోనో గిండీలోనో మంచి లేత్‌లో ప్రతి జర్నల్‌నీ మైక్రోమీటర్‌తో రెండు మూడు చోట్ల చూపించండి, అరుగుదల గుండ్రంగా ఉండదు. అవసరమైతే గ్రైండ్ చేసి 0.25 మిల్లీమీటర్ అండర్‌సైజ్ (సన్నబడ్డ జర్నల్‌కి సరిపోయే) బేరింగ్‌లు వేస్తారు, మీ క్రాంక్‌కి అది కుదురుతుందో లేదో ముందే అడగాలి. బిగించాక నేరుగా స్టార్ట్ కొట్టనివ్వకండి. ఫిల్టర్ నిలువుగా కూర్చునేదైతే నింపి పెట్టి, స్పార్క్ ప్లగ్‌లు తీసేసి, ఇంజెక్టర్ ఫ్యూజ్ లాగేసి, మెకానికల్ గేజ్ చూస్తూ స్టార్టర్‌తో ఆపి ఆపి తిప్పాలి, కాసేపటికి ముల్లు కదిలి నిలబడుతుంది, ప్లగ్‌లు బిగించాల్సింది అప్పుడు. స్టార్టయ్యాక చల్లగా ఐడ్లింగ్‌లో ఎంత, ఆయిల్ 100కి చేరాక ఐడ్లింగ్‌లో ఎంత, 3000లో ఎంత అని రాసి గ్లవ్ బాక్స్‌లో పెట్టుకోండి, వచ్చే ఏడాది ముల్లు కిందికి దిగినట్టనిపిస్తే పోల్చుకోవాల్సింది ఆ మూడు అంకెలతోనే.